సగం పని తుపాకీది

ఆ శనివారం పొద్దున ఓకీ లెస్టర్ అనే మనిషి కొట్లోకి రాకపోయి ఉంటే, రీవా ఇంకో పది నిమిషాల్లో తన తుపాకీ తను కొనుక్కుని ఇంటిదారి పట్టేది.

ఎస్టెల్ కొట్టు పశ్చిమ వర్జీనియా కొండల్లో, బొగ్గు రైలు పట్టాలకి ఆనుకుని ఉంటుంది. పశువుల దాణా, మేకులు, ముళ్ళతీగ, రబ్బరు బూట్లు, వెనక గోడకి వరసగా తుపాకులు. కిటికీ కింద ఒక బెంచీ. బెంచీ మీద డార్సీ. గనిలో బతుకంతా బొగ్గుదుమ్ము మింగిన మనిషి. ఇప్పుడు ముక్కులో సన్నటి గొట్టం, కాళ్ళ దగ్గర చక్రాల మీద ఆక్సిజన్ సిలిండర్. ఇంట్లో కూర్చున్నా ఇంతే ఊపిరి, ఇక్కడైతే కాఫీ ఊరికే వస్తుంది అంటాడు. ఆయనకి నవ్వంటే ఇష్టం. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. అయినా మానడు.

రీవా కూడా గని మనిషే. భూమి లోపల కరెంటు పని చేసింది. మగవాళ్ళు ఆమెతో మాట్లాడ్డానికి ఒక ఏడాది పట్టింది, ఆమె లేకుండా పనిలోకి దిగడానికి ఇంకో ఏడాదికి వాళ్ళే భయపడ్డారు. కంపెనీ గని మూసేసి, పింఛనులో సగం కోసేసి, తాళాలు వేసుకుని పోయాక ఆమె కొండవాలున మేకలు పెట్టుకుంది. ఈ వసంతంలో వాటి మీద కాయోటీలు పడ్డాయి. కాయోటీ అంటే నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది, రెండింటి కన్నా సిగ్గులేనిది. పోయిన వారం రెండు మేకపిల్లల్ని ఎత్తుకుపోయాయి. మొన్న పట్టపగలు, ఆమె వసారాలో నిలబడి గిన్నె మీద గరిటెతో బాదుతూ ఉండగానే, నిండు చూలుతో ఉన్న మేకని దొడ్డిలోనే పడేశాయి. ఇంకా నాలుగు ఈనాల్సి ఉన్నాయి. ఆ పిల్లలు బతికితే ఈ ఏడాది రీవాకి గడుస్తుంది. లేకపోతే మేకలూ ఉండవు, ఆ కొండవాలూ ఉండదు.

ఇంట్లో ఆమె మొగుడు వదిలిపోయిన పాత రైఫిల్ ఒకటుంది. ఒక్కో తూటాకీ పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి, మళ్ళీ దించాలి. రీవా కుడిచేతిలో రెండు వేళ్ళు గనిలో కేబుల్ చక్రం కింద నలిగి ఇప్పుడు వంగవు. ఆమె పిడి తిప్పేలోపు కాయోటీ కొండెక్కి కూర్చుంటుంది. అందుకే సెమీ-ఆటోమేటిక్ కావాలంది: మీట ఒకసారి నొక్కితే ఒక్క తూటా, ఖాళీ గుల్లని అదే విసిరేసి ఇంకో తూటాని అదే లోపలికి లాక్కునేది.

ఎస్టెల్ నిజాయితీగానే చెప్పాడు. గోడ మీదున్న పెద్దవి చూపించి, అవి నీ డబ్బుకి రావు, వాటివైపు చూడకు అన్నాడు. సన్నటి తూటాల చిన్న రైఫిల్ తీసి చేతిలో పెట్టాడు.

"ఇది దూరానికి పనికిరాదు. దొడ్డి వసారాకి దగ్గరే అంటున్నావు కాబట్టి చెప్తున్నా. బరువు లేదు, భుజాన్ని తన్నదు. ఇంకో మాట రీవా, తుపాకీ ఒకసారే డబ్బు తింటుంది, తూటాలు రోజూ తింటాయి. ఉన్నదంతా తుపాకీకే పోసి ఇంటికెళ్తే నేర్చుకోవడానికి ఏం మిగలదు. గురి కుదరని పెద్ద తుపాకీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

రీవా దాన్ని భుజానికి ఆనించి చూసింది. బాగానే కుదిరింది. కానీ కాయోటీ నోట్లో గుడ్డపీలికలా వేలాడిన మేకపిల్ల గుర్తొచ్చింది.

"ఇంత సన్నటి తూటాకి అది పడుతుందంటావా?"

సరిగ్గా ఆ మాట మీద ఓకీ లోపలికి వచ్చాడు. భుజాన పొడుగాటి గుడ్డసంచి. పొట్ట మీద సాగిన ఎర్ర ప్యాంటు పట్టీలు. ఓకీ కూడా గనిలో పనిచేసినవాడే, యూనియన్ మనిషే. యూనియన్‌లో అందరూ అన్నలు, చెల్లెళ్ళు. గని పోయినా ఆ పిలుపు పోలేదు.

"పడదు చెల్లెమ్మా," అన్నాడు గుమ్మంలోంచే. "ఆ తూటా తగిలితే కాయోటీ దోమ కుట్టిందనుకుని గోక్కుంటుంది. ఎంత తెచ్చుకున్నావు?"

"మూడొందల డాలర్లు."

"ఎంత చిత్రం. నేను తెచ్చిందీ మూడొందలదే."

"నాలుగొందలు తెచ్చుకుని ఉంటే నాలుగొందలదయ్యేది," అన్నాడు డార్సీ బెంచీ మీంచి.

ఓకీ అదేం వినబడనట్టు గుడ్డసంచి విప్పి లోపలి తుపాకీని ఎస్టెల్ బల్ల మీద పడుకోబెట్టాడు. నల్లటిది, పొడుగ్గా, రీవా చేతిలో ఉన్నదానికి రెండింతలు. భుజానికి ఆనించే మడమ తనవైపు, గొట్టం కిటికీ వైపు. కింద ఉన్న మేగజీన్ తీసి అరచేతిలో తప్పెటలా కొట్టి అందరికీ చూపించాడు.

"ఖాళీయేనా?" అన్నాడు ఎస్టెల్ కాఫీ వంచుతూ.

"తూటాల డబ్బా నా చేతిలో ఉంటే ఖాళీయేనా అంటావేంటయ్యా. కళ్ళద్దాలు మార్పించుకో."

ఎస్టెల్ సరేలే అన్నట్టు కాఫీ ఇచ్చాడు. సాసేజీ పెట్టి కాల్చిన రొట్టె ఒకటి ఇచ్చాడు. ఓకీ ఒక ముక్క కొరికి, దాణా మూట మీద సర్దుకుని కూర్చున్నాడు. అలా సర్దుకున్నాడంటే ఇక కోతలు మొదలని అందరికీ తెలుసు. డార్సీ ముక్కు గొట్టం సరిచేసుకున్నాడు.

"నేను నా మొదటి సెమీ-ఆటోమేటిక్ కొన్నది పెద్ద సమ్మె అయిన ఏడాది. అదే ఇది. చేతిలో చిల్లర తప్ప ఏం లేదు. కొట్లో మూడున్నాయి. మొదటిదాని కర్ర నా పెళ్ళినాటి మంచం కన్నా నున్నగా ఉంది, ధర చూస్తే అది నా మొహం కూడా చూడలేదు, బూట్లే చూసింది. రెండోది చవకే గానీ ఊపితే లోపల గిలక్కాయ మోగినట్టు మోగింది. ఇది మూలన పడుంది. ఎవరూ అడగలేదు. నేను దగ్గరికెళ్ళి వంగితే నా వైపు కొంచెం ఒరిగింది. ఒట్టు. కొన్నాను. ఆ సాయంత్రమే మొక్కజొన్న చేను అంచున ఒక కాయోటీ నిలబడితే కొట్టాను, పడింది. అంతే. అందులో గొప్పేం లేదు, ఎవడైనా కొడతాడు."

"అంతేనా?" అన్నాడు డార్సీ నిరాశపడ్డట్టు.

"ఆగన్నా. సెమీ అంటే ఏంటో తెలుసా చెల్లెమ్మా? సగం. సగం పని నీది, సగం పని దానిది. నువ్వు గురి చూసి నొక్కాలి, అది గుల్ల విసిరి తూటా పెట్టుకోవాలి. ఒప్పందం అదీ. మొదటి నెల అలాగే నడిచింది. రెండో నెల నా కళ్ళు మసకేశాయి. గురి కొంచెం పక్కకి పోయింది. పోతే ఇదేం చేసిందో తెలుసా? గొట్టం మెల్లిగా, మర్యాదగా, నా చెయ్యి పట్టుకుని నడిపించినట్టు, కాయోటీ వైపు జరిపింది. నేను నొక్కాను. ఒక తూటాకి రెండు పడ్డాయి, మూడోది భయానికి పడింది."

ఎస్టెల్ నవ్వాడు. రీవా కూడా నవ్వింది. కానీ ఆమె కన్ను ఆ నల్ల తుపాకీ మీదే ఉంది. బరువైన తూటా. ఒక దెబ్బకి పడిపోయే కాయోటీ. ఓకీ చెప్పేదాంట్లో అబద్ధం తీసేసినా ఎంతో కొంత నిజం మిగలదా అనుకుంది. అలా అనుకోవడమే వాడికి కావాల్సింది.

"అక్కడితో ఆగినా బాగుండేది. మన లోయ సంగతి నీకు తెలుసుగా, పాము మెలిక తిరిగినట్టుంటుంది, తిన్నగా పోయే తూటా ఇక్కడ దేనికి పనికొస్తుంది? ఒకరోజు కాయోటీ వాగు మలుపు తిరిగి పారిపోయింది. నొక్కాను. తూటా వాగు వెంబడే మలుపు తిరిగింది. నేను వెనకే ట్రక్కేసుకుని బయల్దేరాను, ఎటు పోతుందో చూద్దామని. పోస్టాఫీసు దాటింది. బాప్టిస్టుల చర్చి దగ్గరికొచ్చేసరికి లోపల ప్రార్థన జరుగుతోంది. తూటా ఏం చేసిందో తెలుసా? నెమ్మదించింది. చప్పుడు చెయ్యకుండా గుమ్మం ముందునించి పోయి, అవతల మళ్ళీ వేగం అందుకుంది."

"ప్రార్థనకి లోపలికి వెళ్ళలేదా?" అన్నాడు ఎస్టెల్.

"బాప్టిస్టు తూటా కాదది. తర్వాత రైలు గేటు పడింది. బొగ్గు రైలు వస్తోంది. ఎంత పొడుగో నీకు తెలుసు, ఇంజను ఈ జిల్లాలో ఉంటే ఆఖరి పెట్టె పక్క జిల్లాలో ఉంటుంది. తూటా గేటు దగ్గర ఆగింది. గాల్లో. నేను ట్రక్కు పక్కనే ఆపాను. అద్దం దించి పలకరించాను కూడా. పట్టాల అవతల ఆ కాయోటీ కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది, తప్పించుకున్నాననుకుని. ఆఖరి పెట్టె దాటింది. గేటు లేచింది. టప్."

డార్సీ నవ్వుతో ముందుకి వంగిపోయాడు. దగ్గు మొదలైంది. రీవా వెళ్ళి వీపు నిమిరింది. ఆయన చేత్తో ఓకీకి సైగ చేశాడు, చెప్పు, ఆపకు అని.

"అప్పుడొచ్చింది అసలు కష్టం. మర్నాడు పొద్దున లేచి తలుపు తీస్తే వాకిట్లో కాయోటీలు. ఎన్నని లెక్కపెట్టను, కొండంతా అవే. అరుపు లేదు, గొడవ లేదు. గేటు ముందు ఇటునించి అటు, అటునించి ఇటు వరసగా నడుస్తున్నాయి. అవేం చేస్తున్నాయో అర్థమైందా అన్నా?"

"చెప్పొద్దు," అన్నాడు డార్సీ ఆయాసంతో.

"సమ్మె. పికెటింగు. నేనేం చెయ్యను? తాత, తండ్రి, నేను, మూడు తరాల యూనియన్ వాళ్ళం. పికెట్ వరస దాటి అడుగు బయటపెట్టేదెలా? మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోయాను. మొక్కజొన్న రొట్టె కాల్చి, చిక్కుళ్ళు ఉడికించి నేనే గేటు దగ్గరికి తీసుకెళ్ళి పెట్టాను. సమ్మెలో ఆకలి ఎలా ఉంటుందో నాకు తెలియదూ? సరే, తుపాకీతో బెదిరిద్దామని మీట నొక్కానా, పేలలేదు. సగం పని దానిదిగా. దాని సగం అది ఆపేసింది. అదీ సమ్మెలోకి దిగింది."

ఈసారి అందరూ నవ్వారు. రీవా కూడా ఆ పెద్ద సమ్మెలో, మంచులో, అలాంటి వరసలోనే నడిచింది. రొట్టె తెచ్చిపెట్టిన చేతులు ఆమెకి గుర్తున్నాయి. ఓకీ అప్పుడు ఆ వరసలో ఉన్నాడో లేడో మటుకు గుర్తురాలేదు.

"నాలుగోరోజు పెద్ద కాయోటీతో కూర్చుని మాట్లాడుకున్నాం. ఒప్పందం కుదిరింది: కూలివాళ్ళ కోళ్ళ జోలికి రావు, మేకల జోలికి రావు, తింటే కంపెనీ మేనేజర్ల ఇళ్ళల్లోనే తినాలి. రెండు నెలల్లో మేనేజర్లు కోడిగుడ్లకి టౌనుకెళ్ళాల్సి వచ్చింది."

"మరి నా మేకల సంగతేంటి?" అంది రీవా.

"మేనేజర్లు పోయారుగా తల్లీ, గని మూసి. ఒప్పందం గడువు తీరింది." ఓకీ రొట్టె ముక్క నోట్లో వేసుకున్నాడు. "సరే, సమ్మె అయ్యాక నేను మళ్ళీ గనిలోకి వెళ్ళాను. ఒకరోజు నడుం పట్టేసింది, మంచం దిగలేకపోయాను. మూలన చూస్తే తుపాకీ లేదు. నా టోపీ లేదు. నా అన్నం డబ్బా లేదు. సాయంత్రానికి వచ్చింది, ఒళ్ళంతా మసి. సగం షిఫ్టు చేసొచ్చింది. మేస్త్రీ నాకు ఫోన్ చేసి, ఓకీ, ఇవాళ నువ్వు రోజూ కన్నా బాగా పనిచేశావు, మాట్లాడకుండా చేశావు అన్నాడు. అప్పట్నించి వారానికి రెండుసార్లు అదే వెళ్ళేది. కొన్నేళ్ళకి దానికి దగ్గు పట్టుకుంది. డాక్టరు గొట్టంలోకి దీపం వేసి చూసి, ఊపిరితిత్తుల్లో దుమ్ము అన్నాడు. పరిహారానికి పెట్టాం. వచ్చింది. సగం."

కొట్లో నవ్వు ఒక్క క్షణం తడబడింది. డార్సీ పరిహారం కోసం తిరగని ఆఫీసు లేదు. నీ రోగం సిగరెట్ల వల్ల అని కంపెనీ డాక్టరు రాశాడు. డార్సీ జన్మలో సిగరెట్ ముట్టలేదు.

"నాకు రాలేదు గానీ నీ తుపాకీకి వచ్చిందా?" అన్నాడు డార్సీ. అని, ఆయనే అందరికన్నా ఎక్కువగా నవ్వాడు.

ఓకీకి ఆ నవ్వుతో ఊపొచ్చింది. లేచి బల్ల దగ్గరికి వచ్చి తుపాకీ మడమ మీద గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు. "ఇప్పుడిక నాకు పనే మిగల్లేదు. నిన్న సాయంత్రం వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, పక్కన ఇది. కొండ మీద ఏదో కదిలింది. నేను లేవాలని అనుకున్నానంతే. పేలింది. నేను కూర్చునే ఉన్నాను. రెండు పేలాయి, మూడు పేలాయి. పట్టుకు చూడు చెల్లెమ్మా, గొట్టం ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఇలాంటిది మూడొందలకి ఎవడిస్తాడు? నీకు కాబట్టి ఇస్తున్నా."

"ఇంత మంచిదాన్ని ఎందుకు అమ్ముతున్నావు?"

"అది నన్ను అమ్మేలోపు నేను అమ్మేద్దామని."

ఎస్టెల్ తల అడ్డంగా ఊపుతూ నవ్వుతున్నాడు. రీవా చిన్న రైఫిల్‌ని బల్ల మీద ఓ పక్కన పెట్టింది. ఆమె మనసు సగం అటు పోయింది. ఓకీ చెప్పిన పెద్ద అబద్ధాలన్నీ ఊరికే ఇచ్చినవి, అందరూ నవ్వి పారేస్తారు. వాటి మధ్యలో ఒక చిన్న మాట ఇరికించాడు, తుపాకీ బాగా పనిచేస్తుందని. తూటాని గేటు దగ్గర ఆపినవాణ్ణి ఎవరూ నమ్మరు. కానీ తుపాకీ పేలుతుందన్నమాట నమ్మకపోవడం ఎవరికీ తోచదు. అమ్మకం అంతా ఆ మాటలోనే ఉంది. నాలుగు మేకలు, బరువైన తూటా, అదే మూడొందలు. రీవా చెయ్యి చాపింది.

"చూడనా?"

"చూడు, ఎత్తు, బరువు చూడు. ఖాళీదే, భయపడకు."

ఆ ఆఖరి మాట లేకపోతే ఆమె ఎత్తి ఉండేదేమో.

గనిలో కరెంటు పని చేసేవాళ్ళకి ఒక పద్ధతుంది. తీగ ముట్టుకునే ముందు, ఆపేసిన స్విచ్చుకి ఎవరి తాళం వాళ్ళే వెయ్యాలి. స్విచ్చు కట్టేశామని మేస్త్రీ చెప్పినా, పక్కవాడు ఒట్టేసినా, అప్పటికే దానికి మూడు తాళాలు వేలాడుతున్నా, నీ తాళం నువ్వు వేసి, నీ జేబులో తాళంచెవి పెట్టుకుని, అప్పుడు ముట్టుకోవాలి. అలా వేస్తే ఎవరూ అవమానంగా అనుకోరు. వెయ్యకపోతే అనుకుంటారు. 'ఆపేశాం, భయపడకు' అన్న మాట విని చెయ్యి పెట్టిన ఒక మనిషిని రీవా తన చేతులతో బయటికి మోసింది. అప్పట్నించీ భయపడకు అని ఎవరన్నా ఆమె చెయ్యి ముందు తాళం కోసం వెతుక్కుంటుంది.

ఆమె తుపాకీని ఎత్తలేదు. బల్ల మీదే తిప్పి, గొట్టాన్ని మూలనున్న దాణా మూటల వైపు పెట్టింది. లోపల చూడ్డానికి మంచి చెయ్యి, ఎడమది, పక్కనున్న పిడి మీద వేసి లాగింది.

రాలేదు.

"కొంచెం బిగువు," అన్నాడు ఓకీ. "కొత్తవాళ్ళంటే దానికి సిగ్గు. వదిలెయ్ తల్లీ, నేను చూపిస్తా."

రీవా వదల్లేదు. మడమని తుంటికి ఆనించుకుని, కాలు తన్నిపెట్టి ఇంకోసారి లాగింది. లోపల ఏదో అంటుకున్నది చీరినట్టు చప్పుడైంది. పిడి ఒక్కసారిగా వెనక్కి వచ్చింది.

లోపల్నించి ఒక తూటా ఎగిరి బల్ల మీద పడింది. దొర్లింది. కాఫీ కప్పుకి తగిలి ఆగింది.

ఓకీ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. డార్సీ సిలిండర్ ఊపిరి ఊపిరికీ వదిలే చిన్న 'స్' చప్పుడు తప్ప కొట్లో ఇంకేం వినబడలేదు. రీవా ఆ తూటానే చూస్తోంది. మేగజీన్ తీసేస్తే ఖాళీ అయినట్టు కాదు. సెమీ-ఆటోమేటిక్ తన కడుపులోకి ముందే లాక్కున్న తూటా ఒకటి లోపలే కూర్చుని ఉంటుంది. కింద డబ్బా ఉన్నా లేకపోయినా అది మీట కోసం చూస్తూనే ఉంటుంది. ఈ లోయలో పుట్టిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ, నవ్వుకుంటూ కూర్చున్నారు. ఓకీ మడమ మీద తట్టిన తట్టు ఆమె చెవుల్లో ఇప్పుడు మోగింది. వాడి వేళ్ళు మీటకి ఎంత దగ్గర్లో ఆడాయో కళ్ళకి కట్టింది.

ఎస్టెల్ తూటాని తీసి వెలుగులో పెట్టాడు.

"ఓకీ," అన్నాడు. "ఇది పచ్చబడిపోయింది."

నిజమే. కడగకుండా వదిలేసిన ఇత్తడి చెంబులా ఆ తూటా ఒళ్ళంతా చిలుం పట్టి ఉంది. నిన్న సాయంత్రం లోపలికి వెళ్ళిన తూటాకి చిలుం పట్టదు. పోయినేడు వెళ్ళినదానికీ పట్టదు. ఎస్టెల్ చిన్న టార్చి తీసి గొట్టంలోకి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఫ్యాక్టరీవాళ్ళు పూసిన గ్రీజు అలాగే ఉంది. ఎండి మైనంలా అయిపోయింది. ఇందులోంచి ఒక్క తూటా కూడా బయటికి పోలేదు. కొన్నరోజున ఒకటి పెట్టావు. దానితోనే ఇన్నేళ్ళూ ఉంది."

"అది..." అన్నాడు ఓకీ. రొట్టె మింగాడు. వాడి మొహంలో రంగు లేదు. వాడూ అదిరిపోయాడని, లోపల అదుందని వాడికే తెలియదని రీవాకి అర్థమైంది. దానివల్ల ఆమె కోపం తగ్గలేదు, పెరిగింది. "అది, ఒకటి అదృష్టానికని అట్టే ఉంచాను చెల్లెమ్మా."

"ఎవరి అదృష్టానికి?" అంది రీవా.

ఆమె కిటికీ వైపు చూసింది. ఎస్టెల్ చూశాడు. ఓకీ చూడకూడదనుకుంటూనే చూశాడు. బల్ల మీద ఆ తుపాకీ పడుకున్నంతసేపూ, తూటా పోస్టాఫీసు దాటినప్పుడూ, చర్చి ముందు నెమ్మదించినప్పుడూ, రైలు గేటు దగ్గర ఆగినప్పుడూ, గొట్టం తిన్నగా ఆ బెంచీ వైపే ఉంది. డార్సీ నవ్వుతూ ముందుకి వంగినప్పుడల్లా దానికి ఇంకాస్త దగ్గరయ్యాడు.

"ఖాళీయేనా అని అడిగాను," అన్నాడు ఎస్టెల్ ఎవరితోనో అన్నట్టు. "అడిగి ఊరుకున్నాను."

"ఓకీ, ఇన్నేళ్ళ బొగ్గు డార్సీని చంపలేకపోయింది," అంది రీవా. గొంతు పెంచలేదు. "గని కప్పు కూలినప్పుడు చావలేదు. పరిహారం ఎగ్గొట్టి కంపెనీ చంపాలని చూసింది, చావలేదు. నువ్వు మూడొందల కోసం, మమ్మల్ని నవ్విస్తూ..." తుపాకీని మడమ పట్టుకుని ఓకీ వైపు తోసింది, పిడి వెనక్కి తెరిచి ఉంచి, గొట్టం గోడకి పెట్టి. "తీసుకెళ్ళు. ఆ తూటా ఇక్కడే ఉంటుంది."

ఓకీ గుడ్డసంచి కోసం వంగాడు. జిప్పు వాడి వేళ్ళకి దొరకలేదు.

"ఎస్టెల్, ఆ చిన్నదే ఇవ్వు," అంది రీవా. "మిగిలినదానికి తూటాలు. దొడ్డికి ఇంకో వరస ముళ్ళతీగ."

ఎస్టెల్ చిన్న రైఫిల్ అందుకున్నాడు. మేగజీన్ తీసి పక్కన పెట్టాడు. పిడి లాగి, లోపలికి చూసి, వేలు పెట్టి తడిమి చూసి, అప్పుడు ఆమెకి ఇచ్చాడు. రీవా తీసుకుని, అతను చూసిన చోటే తనూ చూసి, తనూ వేలు పెట్టి తడిమింది. ఎస్టెల్ ఏమీ అనుకోలేదు.

ఈలోపు డార్సీ లేచాడు. సిలిండర్‌ని చక్రాల మీద లాక్కుంటూ బెంచీ రెండో చివరికి, గోడ మూలకి వెళ్ళి కూర్చున్నాడు. ఊపిరి అందేదాకా ఆగాడు. గుమ్మం దాకా వెళ్ళిన ఓకీ అక్కడే నిలబడిపోయాడు, ఆ ముసలాయన ఏదో అంటాడని, నవ్వేస్తాడని ఎదురుచూస్తున్నట్టు.

"పాపం దాన్ననకు రీవా," అన్నాడు డార్సీ. "పుట్టి ఒక్క కాయోటీని కూడా కొట్టలేదు. ఇన్నాళ్ళకి మొదటి వేట ఎవరా అని చూసి చూసి, నన్నెంచుకుంది."